పూల్ గట్టు మీద పెరుగన్నం: ఒక ఆర్టిస్టిక్ స్విమ్మర్ కేస్ స్టడీ

ఈ కేసులో నేను రాసిచ్చిన మొదటి డైట్ చార్ట్ మూడు వారాల్లో బోల్తా కొట్టింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. గెలిచిన కేసుల గురించి రాసుకోవడం మా వృత్తిలో అందరికీ సరదాయే. ఓడిన చార్ట్ ఎందుకు ఓడిందో రాస్తే చదివేవాళ్లకు ఇంకాస్త పనికొస్తుందని నా నమ్మకం.

నేను ఉత్తర కాలిఫోర్నియాలో స్పోర్ట్స్ డైటీషియన్‌ని. ఎక్కువగా ఈతగాళ్లు, జిమ్నాస్ట్‌లు, పరుగు పందేల పిల్లలు వస్తుంటారు. ఈ కేసు ఆ అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. పేరు కూడా మార్చి మీన అంటున్నాను. రోజుకి నాలుగైదు గంటలు నీళ్లలో ఉండే పిల్లకి ఇంకేం పేరు తోస్తుంది?

ఆట సంగతి కొంచెం

మన దగ్గర సింక్రనైజ్డ్ స్విమ్మింగ్ అనే పేరే ఎక్కువమందికి తెలుసు. 2017లో దాన్ని ఆర్టిస్టిక్ స్విమ్మింగ్ అని మార్చారు. 1984 లాస్ ఏంజెలెస్ నుంచి ఒలింపిక్స్‌లో పతకాల ఆట. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో కూడా పెట్టారు గానీ, అది చూశామని చెప్పిన తెలుగువాళ్లు నాకింతవరకూ ఎదురుపడలేదు.

టీంలో ఎనిమిది మంది ఉంటారు. రొటీన్, అంటే సంగీతానికి తగ్గట్టు చేసే ప్రదర్శన, మూడు నిమిషాలకు అటూ ఇటూగా నడుస్తుంది. అంతసేపూ కాలు కొలను అడుగుకి తగలకూడదు. పైన చేతులు అభినయం చేస్తుంటే మనిషిని నిలబెట్టేవి కాళ్లు. ఆ కదలికను ఎగ్‌బీటర్ అంటారు. మజ్జిగ చిలికే కవ్వం ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది కదా, ఇక్కడ రెండు కాళ్లూ రెండు కవ్వాలై ఒకదానికొకటి ఎదురు దిశలో తిరుగుతుంటాయి. ఆ బరువంతా తుంటి మీదా మోకాలి లోపలివైపూ పడుతుంది. తలకిందులైనప్పుడు ఆ పని చేతులకి వస్తుంది. ముంజేతులతో నీటిని అటూ ఇటూ కోస్తూ నడుము దాకా ఒంటిని పైకి పట్టి ఉంచాలి. దీన్నే స్కల్లింగ్ అంటారు. ముక్కుకి క్లిప్పు ఉంటుంది. పోటీలో కళ్లకు గాగుల్స్ ఉండవు. ఊపిరి బిగబట్టి చేసేదీ ఇదంతా.

2023 సీజన్ నుంచి మార్కుల పద్ధతి మారింది. ఏ కదలిక ఎంత కష్టమైనదో కోచ్ ముందే కార్డు మీద రాసి ఇవ్వాలి. రాసింది రాసినట్టు చేయకపోతే ఆ అంశానికి అడుగు మార్కు, అంటే బేస్ మార్క్, ఇచ్చి పక్కన పెడతారు. కష్టం పెరిగేకొద్దీ మార్కులు పెరుగుతాయి కాబట్టి అందరూ నీళ్ల కింద చేసే భాగాలను సాగదీయడం మొదలుపెట్టారు. మీన నా దగ్గరికి వచ్చింది సరిగ్గా ఆ మార్పు జరుగుతున్న రోజుల్లో, 2023 ఫిబ్రవరిలో.

నా దగ్గరికి ఎందుకు వచ్చింది

వయసు 19. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. క్లబ్ సీనియర్ జట్టులో ఈదుతుంది, దేశవ్యాప్త పోటీల్లో ఫైనల్స్ దాకా వెళ్తుంది. వారానికి సుమారు 34 గంటల శిక్షణ. పక్కన కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్లు చదివే చోటు) చదువు, అదే క్లబ్‌లో చిన్నపిల్లలకు కోచింగ్ ఇచ్చే పార్ట్‌టైం ఉద్యోగం.

అంతకు మూడు నెలల ముందు, ఫ్రీ రొటీన్ మొత్తం ఒకేసారి ఈదిన తర్వాత ఆమెకు చూపు మసకబారి అంతా బూడిద రంగులో కనిపించిందట. స్పృహ పోలేదు. లేన్ తాడు పట్టుకుని నిలబడింది. వాళ్లమ్మకు వెంటనే అనితా అల్వారెజ్ గుర్తొచ్చింది. 2022 జూన్‌లో బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో అమెరికా స్విమ్మర్ అనిత సోలో పూర్తి చేసి, స్పృహ తప్పి కొలను అడుగుకి జారిపోయింది. కోచ్ ఆండ్రియా ఫ్వెంటెస్ వేసుకున్న బట్టలతోనే దూకి ఆమెను పైకి తెచ్చింది. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ తర్వాత ఈ ఆట ఆడే పిల్లల తల్లులు ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టి ఉండదు.

ఇక్కడ ఒక మాట. అనితకు జరిగినదాన్ని తిండికి ముడిపెట్టే హక్కు నాకు లేదు. మీనకు జరిగినదానికి కూడా తిండే కారణమని నేను రాయబోవడం లేదు. నా దగ్గరికి రాకముందే గుండె డాక్టరు ఈసీజీ, ఎకో చేసి ఏమీ లేదని తేల్చారు. ఊపిరి బిగబట్టే ఆటలో కళ్లు తిరగడానికి తిండితో సంబంధం లేని కారణాలు చాలా ఉంటాయి. ముఖ్యంగా దిగే ముందు గబగబా ఊపిరి పీల్చి వదిలే అలవాటు ప్రమాదం. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తహతహ పుట్టించేది అదే కాబట్టి, ఆ హెచ్చరిక రాకుండానే మెదడుకు ఆక్సిజన్ తగ్గిపోయి మనిషి వాలిపోవచ్చు. మీనకు ఆ అలవాటు కొంచెం ఉంది. కోచ్‌తో మాట్లాడి అది మాన్పించడం, గట్టు మీద ఎవరూ చూడకుండా ఊపిరి బిగబట్టే సాధన చేయకూడదని నియమం పెట్టడం మొదటి వారంలోనే జరిగాయి. అది నా పని కాదు, డాక్టరు పని.

నా వైపు తోసిన విషయాలు వేరే. ఆమెకు ఐదు నెలలుగా నెలసరి రాలేదు. ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెర్రిటిన్ 14, అంటే తక్కువ. హిమోగ్లోబిన్ 12.1, అంటే ఇంకా రక్తహీనత గీత కిందకి దిగలేదు. విటమిన్ డి తక్కువ. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో నడుము ఎముకల జెడ్ స్కోరు (అదే వయసువాళ్ల సగటుతో పోల్చే అంకె) మైనస్ 1.2. క్రీడాకారుల్లో మైనస్ 1 కంటే దిగితేనే మేము చెవులు రిక్కిస్తాం. నీళ్లు మనిషి బరువును మోసేస్తాయి కాబట్టి ఈతవల్ల ఎముకలకు పెద్దగా మేలు ఉండదు. అందువల్ల ఈతగాళ్లలో ఈ అంకె చూసి ఊరుకోకూడదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటి మిగతా కారణాలు లేవని డాక్టరు నిర్ధారించాకే ఫైలు నాకు వచ్చింది.

లెక్క

నాలుగు రోజులు తిన్నదంతా ఫొటో తీసి పంపమన్నాను. సగటున 2,400 కిలో కేలరీలు తేలింది. మామూలు ఆడపిల్లకి ఇది ఎక్కువే. వాళ్లమ్మ కూడా అదే అంది: "ఇంట్లో అందరికన్నా ఎక్కువ తినేది ఇదే."

శిక్షణకు రోజుకి సుమారు 1,400 పోతున్నాయని అంచనా వేశాను. అంచనా అనే మాటను ఇక్కడ గట్టిగా పట్టుకోండి. నీళ్ల కింద స్కల్లింగ్‌ని చేతి గడియారాలు సరిగ్గా కొలవలేవు. అందుకే శిక్షణ వీడియో చూసి, నిజంగా కదిలిన నిమిషాలు, గట్టు పట్టుకుని కోచ్ మాట విన్న నిమిషాలు వేరుచేసి లెక్క వేశాను. 2,400లోంచి 1,400 తీసేస్తే 1,000. కొవ్వు తీసేయగా మీన ఒంటి బరువు 46 కిలోలు. అంటే కిలోకి దాదాపు 22 కిలో కేలరీలు. గుండె కొట్టుకోవడానికి, ఎముక కట్టుకోవడానికి, నెలసరికి, రోగాన్ని తట్టుకోవడానికి అన్నిటికీ కలిపి మిగిలేది అంతే. ఆడపిల్లల విషయంలో 45 చుట్టూ ఉంటే ఇబ్బంది లేదు. 30 కంటే తక్కువ ఎక్కువకాలం ఉంటే ఒళ్లు ఖర్చులు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. జీతం సగమైన ఇంట్లో ముందు ఏం ఆపేస్తారో ఒళ్లు కూడా అదే చేస్తుంది. రేపటికి కావలసినవి ఆపి, ఇవాళ గడిచేలా చూసుకుంటుంది. ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో పెట్టిన పేరు రిలేటివ్ ఎనర్జీ డెఫిషియెన్సీ ఇన్ స్పోర్ట్. దాన్నే మేం పొట్టిగా రెడ్-ఎస్ అంటాం.

తిండి రకం చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ప్రోటీన్ 120 గ్రాములు, అంటే పుష్కలం. పిండిపదార్థం 260 గ్రాములే. ఆమె కష్టానికి 350 పైన ఉండాలి. బాదం వెన్న, అవకాడో, గుడ్లు, ప్రోటీన్ పొడి, పెద్ద పెద్ద సలాడ్లు. కాలిఫోర్నియాలో మంచి తిండి అంటే ఏమిటో అదంతా ఉంది. అన్నం, రొట్టె, బంగాళదుంపలే భయపడుతూ తింటోంది. మన ఊళ్లలో కూలి పనికి వెళ్లేవాళ్లకి పొద్దున్నే చద్దన్నం ఎందుకు పెట్టేవారో ఎవరైనా ఈ పిల్లకి చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ ఆటలో సన్నగా ఉండటం వల్ల నష్టం కూడా ఉంది. కొవ్వు తేలుతుంది, కండ మునుగుతుంది. మరీ సన్నబడితే పైన ఎత్తు నిలబెట్టుకోవడానికి చేతులు ఇంకా ఎక్కువ కోయాలి. అద్దం ఒక మాట చెబుతుంది, నీళ్లు ఇంకో మాట చెబుతాయి. చాలామంది పిల్లలు అద్దం మాటే వింటారు. మీన కూడా వాళ్లలో ఒకతె, అయితే అంత తీవ్రంగా కాదు. తిండి రుగ్మత ఉందేమోనని మానసిక వైద్యుడితో కూడా చూపించాం. లేదన్నారు. ఆ మాట నాకు చాలా ధైర్యం ఇచ్చింది, ఎందుకంటే అది ఉంటే ఈ కేసు నేను ఒక్కదాన్నే నడిపేది కాదు.

బోల్తా కొట్టిన చార్ట్

లక్ష్యం తేలిగ్గానే తేలింది. 46 కిలోలకి 45 చొప్పున 2,070, దాని మీద శిక్షణ ఖర్చు 1,400, మొత్తం 3,470. ఆరు పూటలుగా పంచి, అందంగా రంగులు వేసి ఇచ్చాను. పొద్దున 5:20కి ఓట్స్, పండు, గింజలు. 10:00కి స్నాక్. 12:00కి భోజనం. ఇలా.

మూడు వారాల తర్వాత బరువు అరకిలో తగ్గి వచ్చింది. "ట్రై చేశాను" అంది. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే. క్రమశిక్షణ లేని పిల్ల అని మనసులో అనుకున్నాను. వారానికి 34 గంటలు చన్నీళ్లలో తలకిందులుగా ఉండే మనిషికి క్రమశిక్షణ లేదనుకోవడం ఎంత తెలివితక్కువో ఇంటికి వెళ్తూ కారులో తట్టింది. మరుసటి బుధవారం పొద్దున 5:45కి పూల్ దగ్గరికి వెళ్లాను.

వాళ్ల పొద్దు ఇలా గడుస్తుంది. ఆరింటి నుంచి పది దాకా నీళ్లు. పదింపావు నుంచి పదకొండున్నర దాకా నేల మీద వ్యాయామం. స్నానం చేసి 40 నిమిషాలు కారు నడిపి 12:30కి క్లాసు. క్లాసు రెండింటికి అయిపోతుంది. అప్పుడు, 2:15కి, మొదటి అసలు భోజనం. మూడున్నర నుంచి ఆరున్నర దాకా పిల్లలకు కోచింగ్. ఇంటికి వచ్చి ఎనిమిదిన్నరకి రాత్రి తిండి, హోంవర్క్, పదకొండుకి నిద్ర. శనివారం ఎనిమిది గంటల శిక్షణ.

పొద్దున ఏం తిన్నావని అడిగితే అరటిపండు సగం అంది. "ఎందుకు సగం?" అని అడిగాను. "మొత్తం తింటే తలకిందులైనప్పుడు గొంతులోకి వస్తుంది." నా చార్ట్‌లో ఓట్స్, గింజలు! పీచు, కొవ్వు కడుపులో గంటల తరబడి ఉంటాయి. అవి వేసుకుని ఆరింటికి తల కిందకీ కాళ్లు పైకీ పెట్టమన్నాను. ఆమె రెండు రోజులు ప్రయత్నించి మానేసిందంటే తప్పు ఎవరిది?

పది గంటల స్నాక్ కథ కూడా అంతే. ఆ పావుగంటలో తడి బట్టలు మార్చుకోవాలి, భుజానికి టేపు వేసుకోవాలి, టాయిలెట్‌కి పరుగెత్తాలి. ఆ చివరిది చిన్న విషయం కాదు. మెడ దాకా నీళ్లలో ఉంటే నీటి ఒత్తిడికి రక్తం ఛాతీ వైపు చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని కిడ్నీలు మూత్రం పెంచుతాయి. నీళ్లలో ఉండి దాహమేమిటని మనవాళ్లు నవ్వుతారు గానీ ఈ పిల్లలు నాలుగు గంటల్లో గట్టిగానే ఎండిపోతారు. టాయిలెట్‌కి పోవాల్సి వస్తుందని మీన నీళ్లు తాగడం కూడా తగ్గించింది.

మొత్తం మీద మధ్యాహ్నం రెండింటికి ఆమె రోజులో పెద్ద ఖర్చంతా అయిపోయేది. అప్పటికి కడుపులో పడింది ఐదు వందల కిలో కేలరీలకు మించదు. మిగతా 1,900 రెండింటి తర్వాత, రాత్రి లోపల తినేది. రోజు మొత్తం లెక్క వేస్తే కనిపించే లోటు ఒకటి, పొద్దుటి ఎనిమిది గంటల్లో ఉన్న గొయ్యి ఇంకొకటి. ఆ గొయ్యి చాలా లోతు. నా చార్ట్‌లో కేలరీలు సరిగ్గానే ఉన్నాయి, తినడానికి టైమే లేదు.

పన్నెండు నిమిషాలు

అదే రోజు గట్టు మీద కూర్చుని గడియారం చూస్తూ రాసుకున్నాను. 7:55కి కోచ్ అందరినీ బయటికి రమ్మంది. అప్పుడే ఈదిన రొటీన్ వీడియోని టాబ్లెట్‌లో చూపిస్తూ ఎవరి కాలు ఎక్కడ వంకరపోయిందో చెప్పింది. ఎనిమిది మందీ తువ్వాళ్లు కప్పుకుని వణుకుతూ నిలబడ్డారు. పన్నెండు నిమిషాలు. కళ్లు, చెవులే పనిచేస్తున్నాయి. నోరు, చేతులు ఖాళీ.

కోచ్‌ని అడిగితే మొదట వద్దంది. గట్టు మీద తిండి తేకూడదని పూల్ నిబంధన. గాజు సీసాలు అసలే రానివ్వరు. నీళ్లలో మెతుకు పడితే పూల్ వాళ్లతో ఆమెకే గొడవ. పైగా, "మా రోజుల్లో ఇవేవీ లేవు" అనే మాట కూడా వచ్చింది. ఆ మాటకు ఎదురు చెప్పలేదు. వీడియో చూసే చోటుని ఆరడుగులు వెనక్కి, గీతకు అవతల ఉన్న బెంచీల దగ్గరికి మార్చమని మాత్రం అడిగాను. రెండు వారాలు చూద్దామంది. ఆ రెండు వారాల్లో తొమ్మిది దాటాక జట్టు చేసే తప్పులు తగ్గాయని ఆమెకే అనిపించిందట. కొలిచిన లెక్క కాదు కాబట్టి దాన్ని నేను ఫలితంగా చూపించను. ఏదైనా ఇప్పుడు ఆ బెంచీల దగ్గర ఎనిమిది మందీ తింటున్నారు.

ఏం తినాలి అన్నది తర్వాతి ప్రశ్న. పీచు తక్కువ, కొవ్వు తక్కువ, గ్యాస్ పుట్టించనిది, ఉప్పు ఉన్నది, చల్లటి ఒంటికి హాయిగా దిగేది, నమలకపోయినా జారేది, మూత ఉన్న స్టీలు డబ్బాలో ఇమిడేది. ఈ జాబితా రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. మెత్తగా ఉడికిన తెల్లన్నం, పెరుగు, ఉప్పు. చిన్నప్పుడు పరీక్షలకు వెళ్తుంటే మా అమ్మ పెట్టింది అదే.

తాలింపు మాత్రం వద్దన్నాను. ఆవాలు, శనగపప్పు పంటిలో ఇరుక్కుని, తలకిందులైనప్పుడు గొంతుకు అడ్డం పడితే కష్టం. తాలింపు లేని పెరుగన్నం ఒకరికి సిఫార్సు చేశానని మా అమ్మకి ఇంకా చెప్పలేదు. మీన మొదటి రోజు చెంచాతో అటూ ఇటూ కలిపి, "ఇది అన్నం పాయసమా, ఉప్పు పడిందా?" అని అడిగింది. నాలుగో రోజుకి అలవాటైంది. డబ్బాలో సగం ఎనిమిదింటికి, సగం పదింటికి. విసుగొచ్చిన రోజుల్లో అంచులు తీసేసిన తెల్ల బ్రెడ్డు మీద జామ్, లేదా ఖర్జూరాలు, చాక్లెట్ పాలు.

5:20కి తినడం మెల్లగా నేర్పించాం. కడుపుకి కూడా ప్రాక్టీసు ఇవ్వొచ్చు. మొదటి వారం రెండు ఖర్జూరాలు, రెండో వారం నాలుగు, నెల తిరిగేసరికి అరటిపండు మొత్తం, దాంతోపాటు తేనె రాసిన బ్రెడ్డు ముక్క. గొంతులోకి రావడం రెండుసార్లే జరిగింది. రెండుసార్లూ రాత్రి పిజ్జా ఆలస్యంగా తిన్న మరుసటి రోజే.

ఐరన్ మాత్ర డాక్టరు రాశారు. రోజు విడిచి రోజు, పొద్దున్నే, శిక్షణకు ముందు. కాఫీతో కాకుండా నారింజ రసంతో. రోజూ వేసుకుంటే ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, తర్వాతి మాత్రలోని ఇనుమును లోపలికి రానివ్వదు. కష్టమైన వ్యాయామం తర్వాత కొన్ని గంటలు కూడా అదే జరుగుతుంది. ఆ వేళలు తెలియకుండా మాత్రలు మింగి, మలబద్ధకం తప్ప ఏమీ మిగలనివాళ్లను చాలామందిని చూశాను.

చిన్న పిట్టకథ. పోటీ రోజున ఈ పిల్లలు వేడినీళ్లలో కరిగించిన జెలటిన్ పొడిని బ్రష్‌తో జుట్టుకు పూస్తారు. అది గట్టిపడి నీళ్లలో కూడా వెంట్రుక కదలదు. మళ్లీ వేడినీళ్లతో గంటసేపు కడిగితే గానీ వదలదు. అదే జెలటిన్‌ని విటమిన్ సి తో కలిపి వ్యాయామానికి ముందు తాగితే స్నాయువులకు మేలేమో అన్న చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి. గట్టి రుజువు అనలేను. మీన భుజానికి ప్రయత్నించాం. ఏమీ తేడా రాలేదు. ఇంట్లో పొడి ఎలాగూ ఉందిగా అని ఆమె నవ్వింది.

చదువు, జీతం, ఆట

తిండి గొయ్యి పూడ్చడానికి పొద్దున పన్నెండు నిమిషాలు దొరికాయి. సాయంత్రం మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. రెండింటికి ముగిసే క్లాసు, మూడున్నరకి మొదలయ్యే ఉద్యోగం, పదకొండుకి నిద్ర, ఐదింటికి లేవడం. ఆరు గంటల నిద్ర మీద 3,400 కిలో కేలరీలు వేసినా ఒళ్లు కోలుకోదు. ఇక్కడ డైటీషియన్‌గా నా గీత దాటుతున్నానని తెలుసు. అయినా మీన, వాళ్లమ్మ, నేను ఒక ఆదివారం కాగితం ముందు వేసుకుని కూర్చున్నాం.

ఆమె ఆ టర్మ్‌లో నాలుగు సబ్జెక్టులు తీసుకుంది, 12 యూనిట్లు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో అది ఫుల్‌టైం. ఆరు యూనిట్లకు దిగితే హాఫ్‌టైం. ఆర్థిక సహాయం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఆరోగ్య బీమా 26 ఏళ్ల వరకూ తల్లిదండ్రుల పాలసీలోనే ఉండొచ్చు కాబట్టి ఆ భయం లేదు. డిగ్రీ మాత్రం ఏడాదిన్నర వెనక్కి పోతుంది. (ఎఫ్-1 వీసా మీద చదువుతున్న మన పిల్లలకు ఈ దారి మామూలుగా ఉండదు. కాలేజీ ముందే ప్రత్యేక అనుమతి ఇస్తే తప్ప వాళ్లు ఫుల్‌టైం చదవాల్సిందే. ఆ పరిస్థితిలో ఎవరైనా నా దగ్గరికి వస్తే తగ్గించాల్సింది శిక్షణనే.)

వాళ్ల నాన్న ఫోన్‌లో ఒకటే ప్రశ్న అడిగారు. "ఈ ఆటతో ఆమె ఏం సంపాదిస్తుంది?" అడగాల్సిన ప్రశ్నే. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ ఆటలో లీగులు లేవు, వేలాలు లేవు. అమెరికాలో కొద్ది విశ్వవిద్యాలయాలకే జట్లు ఉన్నాయి. 2020లో స్టాన్‌ఫర్డ్ లాంటి చోటే పదకొండు ఆటలను తీసేస్తామని ప్రకటించింది, అందులో ఇదీ ఉంది. మరుసటి ఏడాది ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది గానీ, ఆ ఏడాది ఆ పిల్లల పరిస్థితి ఊహించుకోండి. ఆట మానేశాక లాస్ వేగాస్‌లో 1998 నుంచి నడుస్తున్న ‘ఓ’ అనే నీటి ప్రదర్శనలో కొందరు పనిచేస్తారు. పురుషుల్లో ఈ ఆటకు పేరు తెచ్చిన బిల్ మే కూడా ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు. మిగతావాళ్లలో చాలామంది కోచ్‌లు అవుతారు, లేదా ఆటతో సంబంధం లేని ఉద్యోగాలకు వెళ్తారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే చదువు ఆపొద్దు, నెమ్మదిగా చదవమనండి" అన్నారు. మీన స్టాటిస్టిక్స్ చదువుతోంది. నెమ్మదిగా చదవడానికి అదేమంత తేలికైన సబ్జెక్టు కాదు.

కోచింగ్ ఉద్యోగం ఐదు రోజుల నుంచి మూడు రోజులకు తగ్గింది. వారానికి ఆరు గంటలు, గంటకి 22 డాలర్లు, అంటే 132 డాలర్ల నష్టం. ఇదే ఆమెను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. కాస్ట్యూములు, ప్రయాణాలు అన్నీ ఆ డబ్బుతోనే. కొంత క్లబ్ ఫీజు మాఫీ రూపంలో సర్దుబాటైంది, కొంత తల్లిదండ్రులు భరించారు, కొంత అలాగే లోటుగా మిగిలింది. ఆ ఏడాది ఒక విదేశీ పోటీకి ఆమె వెళ్లలేదు. క్లాసు ఒంటి గంటకు మారింది. ఇప్పుడు 12:20కి కాలేజీ పార్కింగ్‌లో కారు ఆపి, రాత్రే చుట్టి పెట్టుకున్న అన్నం, చిక్కుడు గింజల బరిటో పూర్తిగా తిని లోపలికి వెళ్తుంది. పీచు ఆ వేళకి పర్లేదు, తలకిందులయ్యే పని లేదు.

బరువు పెరిగిన నెలలు

మే నెలకి మధ్యాహ్నం లోపు తినేది 500 నుంచి 1,500 చుట్టూ చేరింది. రోజు మొత్తం 3,100, 3,200. నా లక్ష్యం 3,470 ఎప్పుడూ అందలేదు. బరువు 2.3 కిలోలు పెరిగింది.

అది తేలిగ్గా జరగలేదు. కాస్ట్యూమ్ బిగుతైన రోజు ఏడ్చింది. ఒక పోటీలో ఎవరో పెద్దావిడ, "బాగా తింటున్నట్టున్నావే" అందట. మా నెలల కష్టం ఒక్క మాటతో పోతుందేమో అనిపించింది. పైగా మొదటి మూడు వారాలు బూస్ట్ ఎత్తు తగ్గింది. బూస్ట్ అంటే కాళ్ల బలంతో నీళ్లలోంచి తుంటి దాకా ఒక్కసారిగా ఎగరడం. వీడియోలో నీటి గీత నడుముకి ఎంత కింద ఉందో చూసి మేం కొలిచేవాళ్లం. ఆ మూడు వారాలు ఆమెకు నేను ఏం చెప్పినా అబద్ధంలాగే వినిపించి ఉంటుంది. ఆరో వారానికి పాత ఎత్తు వచ్చింది, పదో వారానికి దాటింది. తిండి వల్లనా, నిద్ర గంట పెరగడం వల్లనా, జిమ్‌లో బరువులు పెంచడం వల్లనా? మూడూ ఒకేసారి మార్చాం. విడదీసి చెప్పలేను.

నెలసరి ఆగస్టులో, అంటే మార్పు మొదలైన ఆరో నెలలో తిరిగొచ్చింది. ఆమె ఫోన్ చేసి చెప్పినప్పుడు మా ఇంట్లో వాళ్లకి నేను ఎందుకంత సంతోషపడుతున్నానో అర్థం కాలేదు. ఫెర్రిటిన్ నాలుగు నెలల్లో 38కి చేరింది. రొటీన్ చివర చూపు బూడిదగా మారడం మళ్లీ జరగలేదు. గబగబా ఊపిరి పీల్చడం మానేసిందని కూడా గుర్తుపెట్టుకోండి.

జరగనివి కూడా రాయాలి. భుజం నొప్పి అలాగే ఉంది, ఫిజియో దగ్గర ఇంకా నడుస్తోంది. ఆమె ఆశపడ్డ డ్యూయెట్ స్థానం రాలేదు. ఆ సీజన్ జట్టులో రిజర్వ్‌గానే ఉంది. ఎముకల స్కాన్ ఏడాదికి మళ్లీ తీస్తే మైనస్ 1.1. కొలతలో ఉండే తేడాతో పోలిస్తే కదిలిందని చెప్పలేను. నేల మీద గెంతులు, బరువులు పెంచాం. ఎముక తీరిగ్గా పనిచేస్తుంది, మన తొందర దానికి పట్టదు.

2024 ఆగస్టులో పారిస్‌లో అమెరికా జట్టుకు రజతం వచ్చింది. 2004 ఏథెన్స్ తర్వాత ఈ ఆటలో వాళ్లకు వచ్చిన మొదటి ఒలింపిక్ పతకం. ఆ జట్టులో అనితా అల్వారెజ్ ఉంది. మీన ఆ ఫైనల్‌ని తను కోచింగ్ ఇచ్చే పదేళ్ల పిల్లలతో కలిసి చూసింది. తర్వాతి వారం క్లబ్‌లో కొత్త పిల్లలు వరస కట్టారట. పిల్లల డబ్బాల్లో ఏం ఉండాలో చెబుతూ ఒక కాగితం రాసిమ్మని నన్ను అడిగింది. రాసింది ఎక్కువగా తనే. నేను కామాలు సరిచేశాను.

ఇంకో సీజన్ ఈది, తర్వాత నాలుగేళ్ల యూనివర్సిటీకి బదిలీ అవుతానంటోంది. జట్టు ఉన్న యూనివర్సిటీనా, లేనిదా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మూడో స్కాన్ మార్చిలో.

మొన్న ఆదివారం ఫొటో పంపింది. గిన్నెలో పెరుగన్నం, పైన ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు. కరివేపాకు ఇండియన్ షాపులో అడిగి కొన్నదట. కింద ఒకటే లైను రాసింది: "ఇవాళ నీళ్లలో దిగడం లేదు."